తాత కట్టెకు లెక్కుంది

ఈ ఆదివారం మీకో చిన్న పని. పిల్లల్ని కూడా పిలవండి. కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగండి. దేవుడి గూట్లోంచి ఒక అగరుబత్తి తీసి, పైపూత రాల్చేసి పుల్ల మాత్రం ఉంచండి. ఈనెను ఆ పుల్లంత పొడవుకే, కొస వైపు నుంచి తుంచండి. ఇప్పుడు ఈనెను లావు వైపు, పుల్లను ఏదో ఒక వైపు పట్టుకుని, రెండింటి చివరా దారంతో ఓ చిన్న తాళంచెవి వేలాడదీయండి.

పుల్ల ఎక్కడ వంగింది? ఎక్కువగా మీ వేళ్ల దగ్గరే. ముందు భాగం ఇంచుమించు తిన్నగానే ఉంటుంది. ఇంకాస్త బరువు వేశారనుకోండి, ఆ వేళ్ల దగ్గరే పుటుక్కుమంటుంది. ఈనె అలా కాదు. కొస నుంచి మొదలు దాకా విల్లులా వంగుతుంది. బరువు మోసే పనిని ఒళ్లంతా పంచుకుంటుంది.

తేడా ఏమిటి? పుల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే లావు. ఈనె మొదట్లో లావు, పోనుపోను సన్నం. అంతే!

ఈ ‘అంతే’ కోసమే కొందరు నూట యాభై ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వెదురుతో చేపల గాలం కర్రలు చేసే పనివాళ్లు వాళ్లు. మొదలుకెంత, నడుమకెంత, కొసకెంత... ఈ సన్నబడే వరసకు ఇంగ్లిషువాళ్లు ‘టేపర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నేను వినకముందే, ఆ సంగతి ఆర్మూరులో ఓ మేదరి తాత నాకు చెప్పాడు. నేను వినలేదు. విననందుకు చేతికి వచ్చిన కొర్రమట్ట పోయింది.

కొర్రమట్ట పోయిన రోజు

ఆర్మూరు అంటే పసుపు. సంక్రాంతి దాటిందంటే చేలల్లో పసుపు తవ్వకాలు, కొమ్ములు ఉడకబెట్టే పొయ్యిలు, కళ్లాల్లో ఆరబోతలు. ఊరు ఊరంతా అదే వాసన. తవ్విన పసుపు ఎత్తాలన్నా, ఉడికిన పసుపు మోయాలన్నా నా చిన్నతనంలో వెదురు గంపే దిక్కు. అందుకే సీజనుకు ముందు మా వాడ చివరి మేదరి తాతకు ఊపిరి సలిపేది కాదు. చేతిలో కత్తి, ఒళ్లో బద్ద, చుట్టూ వెదురు పేళ్లు. మేం పిల్లలం ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లం. పని కాగానే మా గొంతెమ్మ కోరికలు మొదలు.

“తాతా, నాకు గాలం కట్టె కావాలె.”

ఆరోజు తాత గంపల బొంగుల జోలికి పోలేదు. గోడకు చేరవేసిన సన్నటి గట్టి వెదుళ్లలోంచి ఒకటి తీశాడు. లోపల బోలు లేనట్టే ఉండే రకం. కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. కింద రెండు కణుపులు కోసేశాడు. కొసన బెత్తెడు కోసేశాడు. మొదలు పట్టుకుని గాల్లో ఊపాడు. తల అడ్డంగా ఆడించి, కింద ఇంకో కణుపు కోశాడు. మళ్లీ ఊపాడు. “ఇగ సాలు” అన్నాడు. కణుపుల మీది గరుకు మాత్రం కత్తితో రాసి, వంకర ఉన్నచోట కొంచెం మంట చూపించి సరిచేసి నా చేతికిచ్చాడు.

నాకు అది బరువనిపించింది. అరచేతికి కొంచెం పైన చుట్టూ గీకితే తేలికవుతుంది కదా అని తెలివి పుట్టింది. కత్తి పట్టుకోగానే తాత చూశాడు.

“గట్ల గీకద్దు బిడ్డా. దాని పాణమంత తోలుల ఉంటది. ఏడ గీకితె ఆడ్నే ఇరుగుతది.”

సరేనన్నాను. ఇంటికెళ్లి గీకాను!

మర్నాడు చెరువు గట్టు మీద నేను రాజును. ఎదురుగా సిద్ధులగుట్ట, నీళ్లలో బెండు, గాలానికి ఎర్ర. పొద్దు వాలేముందు బెండు ఒక్కసారిగా మునిగింది. ఎత్తాను. కొర్రమట్ట! సగం నీళ్లలోంచి లేచింది. టప్పున శబ్దమైంది. నా చేతిలో మూరెడు ముక్క మిగిలింది. మిగతా కట్టె, దారం, గాలం, చేప అన్నీ కలిసి చెరువులోకి వెళ్లాయి. దోస్తు ఈదుకుంటూ వెళ్లి కట్టెను తెచ్చాడు. చేపను ఎవరు తెస్తారు?

ముక్కలు పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. ఆయన విరిగిన చోటు వేలితో తడిమి చూశాడు.

“సేప ఇరగ్గొట్టలె బిడ్డా, నువ్వే ఇరగ్గొట్టినవ్. కట్టె అంత కలిసి మొయ్యాలె. నువ్వు ఒక్క కాడ సన్నం జేస్తివి. బరువంత ఆడ్నే వడ్డది.”

ఆ తర్వాత ఇంకో కట్టె చేసిచ్చాడు. పైసలు తీసుకోలేదు. దాన్ని నేను గీకలేదు.

ఈగకు బరువు లేదు

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం పేరుతో ఊరు దాటాక, విదేశీ వెదురు గాలాల గురించి ఓ పుస్తకం చేతికొచ్చింది. వెదురు అన్న మాట చూసి తిరగేశాను. నాలుగు పేజీలు చదివేసరికి తాత గొంతు వినిపించింది.

ముందు ఆ వేట సంగతి చెప్పాలి. మనం గాలానికి ఎర్రనో, పిండి ముద్దనో గుచ్చుతాం. సీసం గుండు కడతాం. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. అక్కడివాళ్ల ‘ఫ్లై ఫిషింగ్’లో అలా కాదు. చిన్న గాలానికి ఈకలు, దారాలు చుట్టి ఉత్తుత్తి ఈగను తయారుచేస్తారు. నీళ్లమీద వాలిన పురుగు అనుకుని చేప నోరు తెరవాలి. ఆ ఈగకు బరువన్నదే ఉండదు. ఓ ఈకను విసిరి చూడండి, ఎంత దూరం పోతుందో!

అందుకని వాళ్లు బరువును దారంలోనే పెట్టారు. మామూలుగా వాడే ఒక రకం దారంలో మొదటి ముప్పై అడుగులు తూచితే తొమ్మిది గ్రాములు. ఆ తొమ్మిది గ్రాముల్ని కర్ర వెనక్కీ ముందుకీ ఊపాలి. కర్ర వంగి, బలం దాచుకుని, తిరిగి నిటారుగా లేస్తూ దారాన్ని విసరాలి. దారం గాల్లో ఉంగరంలా తిరిగి విప్పుకుని, ఈగను నీటిమీద మెల్లగా దించాలి. కర్ర మరీ మొండిదైతే దారం ఎగరదు. మరీ మెత్తనిదైతే కుప్పగా కూలుతుంది. చేప పడ్డాక మళ్లీ అదే కర్ర దాని గింజులాట మొత్తం ఓర్చుకోవాలి.

విసరడానికి ఒక గుణం, పట్టడానికి ఒక గుణం. రెండూ ఒకే కర్రలో కుదరాలంటే ఒకటే దారి. ఎక్కడ ఎంత లావుండాలో తేల్చుకోవాలి.

కలకత్తా ఓడెక్కిన వెదురు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ అనే ఊళ్లో శామ్యూల్ ఫిలిప్ అని ఒకాయన ఉండేవాడు. తుపాకులు చేసేవాడు, వయొలిన్లు కూడా చేసేవాడు. 1840లలో వెదురును బద్దలుగా చీల్చి, మళ్లీ అతికించి గాలం కర్రలు చేసిన తొలి అమెరికన్లలో ఆయన పేరే ముందు చెబుతారు. తర్వాత 1870లలో మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్‌లో హైరం లెనార్డ్ ఆరు బద్దల కర్రను పెద్ద ఎత్తున తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు.

ఇంతకీ వాళ్లకు వెదురు ఎక్కడిది? మన దేశానిదే! కలకత్తా రేవులో ఓడ ఎక్కేది కాబట్టి దాన్ని ‘కలకత్తా కేన్’ అన్నారు. శాస్త్రనామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. పేరు నోరు తిరగకపోయినా మనిషిని మీరు ఎరుగుదురు. లోపల బోలు తక్కువగా ఉండి, పోలీసు లాఠీలకు పనికొచ్చే గట్టి వెదురు అది. ఆదిలాబాద్, నిర్మల్ అడవుల్లో పెరిగేదీ ఆ జాతే. గోడకు చేరవేసిన వాటిలోంచి తాత నాకు తీసిచ్చిందీ ఆ జాతిదే.

కలకత్తా కేన్ మీద తరచూ మంటకు కమిలిన మచ్చలుండేవి. ఆ మచ్చలు చూసే పాత కర్రల్ని గుర్తుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1900కు కాస్త అటూ ఇటూగా దాని స్థానంలోకి చైనా వెదురు వచ్చింది. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు కొండల్లో పెరిగేది. వ్యాపారులు ‘టోంకిన్ కేన్’ అన్నారు. తిన్నగా పెరుగుతుంది. కణుపులు పెద్దగా ఉబ్బవు. పైతోలు కింద నార దట్టంగా ఉంటుంది. 1931లో ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి ‘అమాబిలిస్’ అని పేరు పెట్టాడు. ముద్దొచ్చేది అని అర్థం. వెదురుకు అంతకంటే మంచి పేరు ఏం పెడతారు!

పేపరు రెండు పొరలంత

ఇక పని చూడండి. బొంగును నిలువునా చీలుస్తారు. బద్దల్ని మంటమీద చూపించి కణుపుల దగ్గర వంకర తీస్తారు. ఒక్కో బద్దనూ చిత్రిక పట్టి, అడ్డంగా కోస్తే మూడు భుజాలూ సమానంగా కనిపించేలా చేస్తారు. అలాంటివి ఆరు కలిపి అతికిస్తే, ఆరు పలకల కర్ర తయారు. ఆరింటి కణుపులూ ఒకేచోట పడకుండా జరుపుకుంటారు. ఒకచోటే చేరితే ఆ చోటు బలహీనమవుతుంది కదా!

ఇందులో ఒక నియమం ఉంది. చిత్రిక పట్టేది బద్ద లోపలి రెండు ముఖాలనే. బయటి తోలు ముఖం జోలికి పోరు. నున్నబరచడానికి పైపైన రాయడమే తప్ప కోత పెట్టరు. ఎందుకంటే వెదురులో నార బయటివైపే దట్టంగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. ‘దాని పాణమంత తోలుల ఉంటది’ అన్న తాత మాటకు ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

చిత్రిక పట్టడానికి రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు పక్కపక్కన బిగించి, వాటి మధ్య గాడిలో బద్దను పడుకోబెడతారు. ప్రతి ఐదు అంగుళాలకూ ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పి గాడి లోతు మార్చుకోవచ్చు. అంటే ప్రతి ఐదు అంగుళాలకూ ఒక అంకె ఉండాలి. ఏడున్నర అడుగుల మామూలు కర్ర కొసన రెండు మిల్లీమీటర్లకు లోపు. చేతిపిడి దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ రెంటి మధ్యా పదిహేను పదహారు అంకెలు. ఆ అంకెల వరసే ‘టేపర్’. వీణకు మెట్లు పేర్చడం లాంటిది. ఒకటి తప్పితే మొత్తం పలుకు మారిపోతుంది.

అంకెల్లో అంత పట్టింపు దేనికంటారా? ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే అడగండి, చెబుతారు. కర్ర లావు పదో వంతు తగ్గితే దాని బిగువు పదో వంతు కాదు, మూడో వంతు పోతుంది. ఐదో వంతు తగ్గితే విరగకుండా ఆగే బలం సగానికి పడిపోతుంది. బిగువు లావును నాలుగుసార్లు హెచ్చవేసిన లెక్కన, బలం మూడుసార్లు హెచ్చవేసిన లెక్కన మారతాయి మరి. సన్నటి కొస దగ్గర న్యూస్‌పేపరు రెండు పొరలంత మందం పొరపాటున ఎక్కువ గీకారనుకోండి, ఆ చోట బిగువులో దాదాపు నాలుగో వంతు గోవిందా!

చిన్నప్పుడు నేను గీకింది పేపరు పొరలంత కాదు. చుట్టూ కలిపి ఐదో వంతుకు తక్కువుండదు. పైగా తోలు వైపే గీకాను. పైగా బరువు ఎక్కువగా పడే మొదట్లో గీకాను. కొర్రమట్టకు నేను దగ్గరుండి తలుపు తీసినట్టే!

ఈ అంకెల్లో ఒక్కో మేస్త్రీది ఒక్కో దారి. కొందరు కొస మాత్రం వంగి, మొదలు బిగువుగా ఉండేట్టు చేశారు. అలాంటి కర్ర చురుగ్గా విసురుతుంది. ఫ్రాన్స్‌లో చార్లెస్ రిట్జ్ మరో దారి పట్టాడు. ప్యారిస్ రిట్జ్ హోటల్ యజమాని సీజర్ రిట్జ్ కొడుకే ఈయన. చేతిపిడి దాకా వంగే కర్రకు ‘పారాబోలిక్’ అని పేరొచ్చింది. ఏది గొప్పదంటే చెప్పలేం. చిన్న వాగుకు ఒకటి, పెద్ద నదికి ఒకటి.

తాళం వేసిన గది, తెరిచిన పుస్తకం

ఈ అంకెల్ని మేస్త్రీలు ఎవరికీ చెప్పేవారు కాదు. లెనార్డ్ కంపెనీలో బద్దలు కోసే యంత్రాన్ని తాళం వేసిన గదిలో ఉంచేవారని చెబుతారు. ఇద్దరు ముగ్గురికి తప్ప లోపలికి ప్రవేశం లేదట. విద్య బయటికి పోతే పొట్ట కొడతారని భయం. మనకు కొత్తేమీ కాదు. నిర్మల్ బొమ్మల రంగుల దగ్గర్నుంచి నాటువైద్యం దాకా ‘ఇంట్లోవాళ్లకు తప్ప చెప్పం’ అన్న మాట ఎన్నిసార్లు వినలేదు!

అందుకు విరుద్ధంగా ఒకాయన ఉన్నాడు. పేరు ఎవరెట్ గారిసన్. న్యూయార్క్ దగ్గర ఉండేవాడు. వృత్తికి ఇంజినీరు. కర్ర విసిరేటప్పుడు ఏ చోట ఎంత ఒత్తిడి పడుతుందో ప్రతి ఐదు అంగుళాలకూ లెక్కగట్టాడు. దారం బరువెంత, కర్ర సొంత బరువెంత, దానికి చుట్టిన వార్నిష్, దారపు చుట్ల బరువెంత, అన్నీ కలిపాడు. ఆ ఒత్తిడిని వెదురు తట్టుకోవాలంటే అక్కడ ఎంత లావుండాలో వెనక్కి లెక్కకట్టాడు. చేతికి తెలిసినదాన్ని కాగితం మీదికి తెచ్చాడన్నమాట.

ఆయన 1975లో పోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న హోగీ కార్మైకేల్ గురువు లెక్కలు, పద్ధతులు, పరికరాల కొలతలు అన్నీ పుస్తకంగా పెట్టి 1977లో అచ్చు వేశాడు. ‘ఎ మాస్టర్స్ గైడ్ టు బిల్డింగ్ ఎ బాంబూ ఫ్లై రాడ్’ అన్నది దాని పేరు.

ఆ పుస్తకం వచ్చేనాటికి ఈ విద్య కొడిగట్టి ఉంది. కొరియా యుద్ధం రోజుల్లో, 1950 డిసెంబరులో, అమెరికా చైనా సరుకును నిషేధించింది. వెదురు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఫైబర్‌గ్లాస్ కర్రలు వచ్చాయి. చవక, తేలిక, తొందర. ఇరవై ఏళ్ల తర్వాత 1971లో నిషేధం ఎత్తేసేసరికి కొనే వెదురుంది, చేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఫైబర్‌గ్లాస్‌కు మారాయి. పుస్తకం వచ్చాక ఎక్కడెక్కడివాళ్లో, గురువు ముఖం చూడనివాళ్లు కూడా, ఆ అంకెలు పెట్టుకుని ఇళ్ల వెనక షెడ్డుల్లో చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. గారిసన్ లేడు. ఆయన కర్రలు ఇవాళ్టికీ కొత్తగా పుడుతూనే ఉన్నాయి!

మన చెరువుల్లో గాలం వేయడం మీద కూడా పుస్తకం ఉంది తెలుసా? ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’. 1887 నాటిది. రాసినవాడు మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్. చెరువు మనది, చేప మనది. పుస్తకం దొరది.

మరి తాత లెక్క ఎక్కడుంది?

అటక మీది కట్టె

మొన్న పసుపు సీజనులో ఆర్మూరు వెళ్లాను. పాత ఇంట్లో అటక మీద, విరిగిన మంచం పట్టెల వెనక, తాత రెండోసారి చేసిచ్చిన కట్టె కనిపించింది. దుమ్ము తుడిచాను. పుచ్చు పట్టలేదు. తాత వెదురును కొన్నాళ్లు నీళ్లలో నానేసి, ఆరబెట్టాకే పని మొదలుపెట్టేవాడు. నానితే లోపలి పిండిపదార్థం పోతుంది. పురుగుకు తిండి ఉండదు.

మా అబ్బాయి దగ్గర వెర్నియర్ కాలిపర్స్ ఉంటే తీసుకున్నాను. కట్టె పొడవు పన్నెండు అడుగులు, అంటే ఎనిమిది మూరలు. మూరకొకచోట, కణుపు తగలకుండా కొలిచాను. అబ్బాయి కాగితం మీద రాశాడు. మొదట్లో 20 మిల్లీమీటర్లు. తర్వాత వరసగా 19, 18, 17, 15, 13, పదిన్నర, ఏడున్నర. కొసన 4.

మొదట్లో మూరకు ఒక మిల్లీమీటరే తగ్గింది. కొసకు వచ్చేసరికి మూరకు మూడున్నర తగ్గింది. మొదట నెమ్మది, చివర తొందర. ఎందుకలా?

అబ్బాయే లెక్క వేశాడు. బరువంతా కొసన వేలాడుతోందనుకుని, కర్ర సొంత బరువు పక్కన పెట్టి, ఒత్తిడి అన్నిచోట్లా సమానంగా పడాలంటే సగం పొడవు దగ్గర లావు మొదటి లావులో 79 శాతం ఉంటే చాలు. తాత కట్టెలో ఎంత? ఇరవైకి పదిహేను. 75 శాతం! కొస నుంచి ఒక మూర దగ్గర లెక్క ప్రకారం సగం లావుండాలి. తాత కట్టెలో సగం కంటే తక్కువే ఉంది. అక్కడ కావాలనే సన్నంగా ఉంచాడనుకుంటాను. చిన్న పరక ముట్టినా చేతికి తెలియాలి కదా.

ఇంతకీ తాత చెక్కింది ఏమీ లేదు. వెదురు తన కొలత తనతోనే పుట్టి వస్తుంది. కింద ఎన్ని కణుపులు తీసేయాలి, కొసన ఎంత కొయ్యాలి... ఆయన చేసింది ఆ ఎంపికే. కింద మూడు కణుపుల కోత, పైన బెత్తెడు కోత. ఉక్కు కడ్డీల గాడిలో గంటల తరబడి కూర్చుని వాళ్లు సాధించేదాన్ని తాత రెండు ఊపుల్లో తేల్చాడు. వాళ్లది తక్కువని కాదు. వాళ్ల లెక్క కాగితం మీద ఉంది. తాత లెక్క తాతతోనే పోయింది.

అది రాయలేదా?

కాగితం పట్టుకుని తాత కొడుకు దగ్గరికి వెళ్లాను. ఆయన గంపలు అల్లడం తగ్గించి చాలా కాలమైంది. పసుపు మోయడానికి ప్లాస్టిక్ టబ్బులు, బస్తాలు వచ్చాక వెదురు గంప ఎవరికి కావాలి? నిచ్చెనలు, తడకలు, పెళ్లి పందిళ్ల పని చేస్తున్నాడు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. మా వైపు ఇంటికొకరు అక్కడ ఉండటం మామూలే.

“వెదురు దొరకుతున్నదా అన్నా?” అని అడిగాను.

“దొరకుతది. పైసలు పెట్టాలె.”

2017 దాకా మన అటవీ చట్టం లెక్కలో వెదురు ‘చెట్టు’. పొలం గట్టున పెంచుకున్నా నరకాలంటే, తరలించాలంటే అనుమతుల తిప్పలు. ఆ ఏడాది చట్టం మార్చి అడవి బయట పెరిగే వెదురును ఆ జాబితాలోంచి తీసేశారు. శాస్త్రం ఎప్పుడో చెప్పింది, వెదురు గడ్డి జాతిదని. చట్టం ఒప్పుకోవడానికి తొంభై ఏళ్లు పట్టింది. అది 1927 నాటి చట్టం మరి! ముడిసరుకు చిక్కు కొంత వీడింది. సరుకు ఉన్నా చేతులు లేకపోతే ఏం లాభం? అమెరికాలో 1971లో జరిగింది అదే కదా.

కాగితం చూపించాను. తొమ్మిది అంకెలు. పక్కన ‘కింద మూడు కణుపులు తీసేయాలి, తోలు గీకరాదు, నీళ్లలో నానేయాలి’ అని మా అబ్బాయి చేతిరాత. పైన తాత పేరు. ఆయన పేరు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు.

“గిదంత మంచిగనే రాసిన్రు గని, మా నాయిన ముందుగాల ఊపి సూస్తుండె గద. అది రాయలేదా?”

నిజమే. రాయలేదు! కట్టెను ఆయన చేతికిచ్చాను. అరవై దాటిన మనిషి. లేచి నిలబడి, మొదలు పట్టుకుని, కళ్లు మూసుకుని ఊపాడు. కట్టె కొస నుంచి మొదలు దాకా వంగి లేచింది. మళ్లీ ఊపాడు.

“కొస ఆగినంక గూడ శెయ్యి అదురుతుంటె మొదలు బరువున్నట్టు, ఇంకో కణుపు తియ్యాలె. ఎంటనే ఆగితె సాలు. నాయిన గట్లనే సెప్తుండె.”

అబ్బాయి జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మీద పదో వరస చేరింది.

మీ ఇంట్లోనూ ఉంటాయి ఇలాంటి లెక్కలు. అమ్మమ్మ ఆవకాయలో గుప్పెడు ఉప్పు. ఆమె గుప్పెడు ఎంతో ఎప్పుడైనా తూచారా? నాన్న విత్తనం చల్లేటప్పుడు అడుగుకూ అడుగుకూ మధ్య దూరం. మగ్గం మీద పెద్దనాన్న దారం లాగే బిగువు. వాళ్లు చెప్పరు. చెప్పడానికి వాళ్లకు అది లెక్క అని కూడా తెలియదు. మనమే కూర్చుని, కొలిచి, రాసుకోవాలి. రాసిన తర్వాత వాళ్లకే ఒకసారి చదివి వినిపించండి. ‘అది రాయలేదా?’ అంటారు చూడండి... అసలు సంగతి అక్కడ మొదలవుతుంది.

మా అబ్బాయి ఈ సెలవుల్లో కొత్త కట్టె చేసుకుంటానంటున్నాడు. కోసేది తనే. ఊపి చూసేది మాత్రం తాత కొడుకు.